కొండగాలిలో పడని ఫోటో

పోయిన ఎండాకాలం తిరుపతిలో మా ఇంటి దగ్గరి గ్రంథాలయం వాళ్లు పాత పత్రికల గురించి ఒక సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. మా నాయన చిత్తూరు నుంచి చాలా ఏండ్లు నడిపి చివరికి మూసేసిన ‘కొండగాలి’ దినపత్రిక గురించి చెప్పాను. తలకిందులుగా అచ్చయిన పెండ్లి ప్రకటనలు, సిరా చేతులతో తిన్న సంగటి ముద్దలు, ఇట్లాంటివే ఎక్కువ చెప్పాను. సభల్లో అందరూ వినాలనుకునేవి అవే, చెప్పేవాళ్లకూ అవే సుఖం. ఎవరో దాన్ని ఫోన్లో తీసి నలుగురికీ పంపినట్టున్నారు. కొన్నాళ్లకు ఒక ఆడమనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. యాభైకి దగ్గర పడిన వయసు, నూనె రాసి బిగించిన జడ, చేతిలో గుడ్డసంచి. గుమ్మం బయటే నిలబడి, “కొండగాలి పేపరు మీదేనా మేడమ్?” అని అడిగింది.

“మా నాయనది. మూతపడి చాలా కాలమైంది.”

“తెలుసు మేడమ్. మాది బంగారుపాళ్యం పక్కన పల్లె. ఈడ హాస్టల్లో వంట చేస్తాను. నా పేరు సుగుణ. మాయమ్మ పేరు మునెమ్మ.”

ఆ పేరు విని నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆమెను కూర్చోమనాలన్న సంగతి కూడా తోచలేదు. ఆమె అట్లాగే నిలబడి చెప్పింది: “మాయమ్మ ఫోటో ఒకటి మీ పేపరోళ్లు తీసుకోని పోయినారంట. ఉండేది అదొక్కటే. మా నాయన సచ్చిపోయేదాకా అదే చెప్తా ఉండినాడు. మాయమ్మ పోయినప్పుడు నేను పాలు తాగే బిడ్డను. ఆమె మొగం ఎట్లుంటాదో నాకు తెల్దు మేడమ్. యాడన్నా పడుంటే ఒకసారి సూపించండి. ఫోన్లో పట్టుకోని మీది మీకు ఇచ్చేస్తాను.”

ఆ ఫోటో ‘మాది’ కాదు. ఆ సంగతి చెప్పాలంటే మునెమ్మ గురించే కాదు, మా ఇంటి గురించి, ఆ పత్రిక గురించి కూడా చెప్పాలి. సభలో నేను చెప్పకుండా వదిలేసిన భాగమంతా చెప్పాలి.

మా అచ్చాఫీసు ఒకప్పుడు బెల్లం మండీ. చిత్తూరు బజారు వెనక సందులో మా అమ్మ పుట్టింటివాళ్ల గోడౌను అది. ముందు సగంలో పత్రిక, వెనక సగంలో మేము. బెల్లం వ్యాపారం ఆగిపోయి ఎన్నేండ్లయినా వాన పడిన రోజు ఆ గోడలు తియ్యటి వాసన వేసేవి. దానిలో సిరా, కిరసనాయిలు, తడి కాగితం వాసనలు కలిసి ఒక వింత కంపు పుట్టేది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, మాకు మాత్రం ఆకలి వేసేది. అక్షరాలు పేర్చే అరల్లోకి చీమలు బారులు తీరేవి. ఫోర్‌మన్ దొరసామి పొద్దున రాగానే దేవుడి పటానికి దండం పెట్టి, ఆ తర్వాత చీపురుపుల్లతో చీమల్ని తోలేవాడు.

‘కొండగాలి’ సాయంకాలం పత్రిక. పెద్ద పత్రికలు ఎక్కడో అచ్చయి, రైలెక్కి, మా ఊరికి చేరేసరికి వాటిలో ఉండేది నిన్నటి లోకం. ఈ రోజు జరిగింది ఈ రోజే జనం చేతిలో పెట్టాలని మా నాయన పట్టుదల. అందుకే మా ఇంట్లో పొద్దు మిగతా ఇండ్లలో మాదిరి గడిచేది కాదు. వంట పెందలాడే అయిపోవాలి. పదకొండు దాటితే ప్రూఫులు వచ్చేవి. అమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని, ఒక చేత్తో సంగటి కెలుకుతూ ఇంకో చేత్తో తప్పులు దిద్దేది. ఆమె దిద్దిన కాగితాల మీద పసుపు వేలిముద్రలుండేవి. “ఈరోజు పేపర్లో తాళింపు బాగా పడిందమ్మా” అనేవాడు దొరసామి. మధ్యాహ్నం మిషన్ తిరగడం మొదలైతే నేల, గోడలు, మా కంచాల్లో ఊరిబిండి పచ్చడి కూడా అదిరేవి. అచ్చయిన కాగితాలు మా అవ్వ ముందుకు వచ్చేవి. ఆమెకు చదువు రాదు. మడతలు పెడుతూ నన్ను పిలిచి, “ఎవురు పోయినారో సూడు పాపా” అనేది. మిగతా వార్తలతో ఆమెకు పని లేదు. చనిపోయినవాళ్ల పేర్లు, ఊర్లు, వాళ్ల వెనక మిగిలినవాళ్ల పేర్లు చదివిస్తే, తెలిసినా తెలియకపోయినా ఒక్కొక్కరికీ ‘ఉసూరు’మనేది. కట్టలు కట్టి కొన్ని బస్టాండుకు, కొన్ని పాకాల వెళ్లే రైలుకు పంపేవాళ్లం. బంగారుపాళ్యం, పలమనేరు కట్టల్ని కండక్టర్లు తమ సీటు పక్కన పెట్టుకుని తీసుకుపోయేవాళ్లు.

పత్రికలో వార్తలు తెచ్చేది మా చిన్నాయన రామ్మూర్తి. నాయనకంటే బాగా చిన్నవాడు, పెండ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. ఎక్కని బస్సు లేదు, కూర్చోని టీ అంగడి లేదు. నాయన రాసే సంపాదకీయాలు గంభీరంగా, సంస్కృతం కలిసి ఉండేవి. చిన్నాయన రాసేవి ఎవరో పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండేవి. జనం పత్రిక కొన్నది చిన్నాయన కోసమేనని నాయనకు తెలుసు. తెలిసి సంతోషించేవాడు కూడా.

ఇక మా మామ. అమ్మకు అన్న, పేరు కేశవులు. గోడౌను ఆయనదే. బెల్లం వదిలేసి బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీ పెట్టాడు. మంచి మనిషి కాడని చెప్పలేను. నన్ను ఇంటర్‌ చదువుకు పంపమని నాయనతో వాదించింది ఆయనే. సీజన్లో జీపు నిండా తోతాపురి కాయలు తెచ్చి అచ్చాఫీసులో పనిచేసే ప్రతి ఒక్కరికీ పంచేవాడు. ఆయన వస్తే అమ్మ ఆయన కూర్చునేలోపే కాఫీ గ్లాసు చేతికిచ్చేది.

ఆ వేసవిలో, నేను ఇంటర్‌ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న రోజుల్లో, మామ ఫ్యాక్టరీలో ఆవిరి గొట్టం పగిలింది. కాయలు కోసే ఆడవాళ్లలో కొందరికి ఒళ్లు కాలింది. మునెమ్మ ప్రాణం పోయింది. కబురు తెలియగానే చిన్నాయన దొరికిన బస్సెక్కి పోయాడు. మర్నాడు పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చి, మొగం కూడా కడగకుండా రాయడానికి కూర్చున్నాడు. రాస్తూనే నాయనకు చెప్పాడు: “కొన్నాళ్లుగా ఆ గొట్టం ఈల వేస్తా ఉండాదంట అన్నా. ఆ మునెమ్మే మేస్త్రీకి చెప్పిందంట, ‘ఇది ఈల వేస్తా ఉండాది, మాకు భయంగా ఉండాది’ అని. పని ఆపితే కాయలు కుళ్లిపోతాయని ఆయప్ప వినలేదంట.”

నాయన కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఫ్యాక్టరీ ఎవరిదో ఆ గదిలో ఎవరూ పైకి అనలేదు. “రాయి. మొదటి పేజీలో వేద్దాం” అన్నాడు. అప్పుడు చిన్నాయన జేబులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. మునెమ్మ భర్త చెంగల్రాయుడు ఇచ్చాడట. ఫోటో అచ్చు వేయాలంటే దాన్ని లోహపు బ్లాకుగా చేయించడానికి వేలూరికి పంపాలి కాబట్టి అది రేపు పడుతుందనీ, వార్త మాత్రం ఈ రోజే పడాలనీ నాయన నిర్ణయించాడు. ఫోటో చేతులు మారి మా దాకా వచ్చింది. అమ్మ దాన్ని కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది. అవ్వ చూసింది. నేను చూశాను.

పొద్దు బాగా ఎక్కాక మామ జీపు వచ్చి సందులో ఆగింది. ఆ రోజు ఆయన అచ్చాఫీసులోకి పోకుండా నేరుగా వెనక వంటింటి వైపు వచ్చి, మంచం మీద కూర్చున్నాడు. రాత్రంతా నిద్ర లేనట్టు కండ్లు ఎర్రగా ఉన్నాయి. నాయనను అక్కడికే పిలిపించాడు. పొయ్యి మీద కాఫీ కాగుతోంది. అమ్మ దాన్ని గ్లాసులో పోయలేదు. గంటె పట్టుకుని నిలబడింది. మామ అది గమనించాడు.

“బావా, ప్రమాదమప్పా అది. నేనేమన్నా కావాలని చేస్తినా? ఆ బిడ్డ కుటుంబానికి నేను చెయ్యాల్సింది చేస్తాను. నువ్వు పేపర్లో వేసినావంటే రేపు ఫ్యాక్టరీ మూసేస్తారు. సీజను నడిమధ్యలో తోటలోళ్లు కాయలు యాడ పోసుకోవాల? మిగిలిన కూలోళ్లు ఏం తినాల?”

“గొట్టం సంగతి ముందే చెప్పినారంట గదా కేశవులూ?” అన్నాడు నాయన.

మామ లేచి కండువా దులుపుకున్నాడు. “రాసుకో బావా. నిన్ను ఆపేదానికి నేనెవుర్ని? అయితే నా గోడల మధ్య కూర్చోని నా పేరు రాయొద్దు. అంతే నేను చెప్పేది.” అమ్మ వైపు తిరిగి, “కాఫీ గూడా పొయ్యలేదే లలితా” అన్నాడు. ఆయన వెళ్లిపోయాడు.

నాయన అచ్చాఫీసులోకి పోయి అక్షరాల అరల మధ్య నిలబడ్డాడు. కంపోజిటర్లు తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. వాళ్లలో కొందరు ఆ గోడౌను పక్క రేకుల ఇండ్లలోనే కాపురం ఉండేవాళ్లు. ఆయన ఒక్కొక్కరినీ చూడడం నేను తలుపు దగ్గర నుంచి చూశాను. చివరికి, “దొరసామీ, ఆ వార్త తీసెయ్యప్పా. నాలుగు లైన్లు రాసిస్తాను” అన్నాడు. తీసేసిన చోట ఖాళీ మిగులుతుంది కదా. దాంట్లో, ఎప్పుడో కంపోజ్ చేసి పక్కన పెట్టుకున్న ‘వేసవిలో చలువ చేసే పానీయాలు’ అనే ముక్క ఇమిడ్చారు.

చిన్నాయన అప్పుడు బావి దగ్గర నీళ్లు పోసుకుంటున్నాడు. తడి తల తుడుచుకుంటూ వచ్చి, బల్ల మీద పేజీని చూశాడు. అచ్చు అక్షరాలు తిరగబడి ఉన్నా ఆయన చదవగలడు.

“ఇదేంది అన్నా?”

“ఫ్యాక్టరీలో ప్రమాదం అని వేస్తా ఉండాం.”

“ఏ ఫ్యాక్టరీ?”

నాయన పేజీ వైపే చూశాడు.

“ఏ ఫ్యాక్టరీ అన్నా? బంగారుపాళ్యంలో అడుగడుక్కీ ఒకటుండాది.”

“రామ్మూర్తీ, ఈ గోడౌను ఖాళీ చేయాల్సొస్తే వీళ్లందురూ యాడికి పోవాల? నువ్వే చెప్పు.”

“నాకు తెల్దు. మునెమ్మ మొగుణ్ని అడుగు.” అరుపు కాదు, గొంతు చాలా చిన్నగా వచ్చింది. లోపలికి పోయి పొడి చొక్కా వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు. ఆ సాయంత్రం పాకాల రైలెక్కాడని తర్వాత తెలిసింది. అక్కడ ఒక చిన్న పుస్తకాల అంగడి పెట్టుకుని ఉండిపోయాడు. మళ్లీ మా ఇంటి గడప తొక్కింది నాయన పోయిన రోజే. పాడె మోశాడు, స్నానం చేశాడు, అన్నం ముట్టకుండా వెళ్లిపోయాడు.

ఆ నాలుగు లైన్ల ప్రూఫు ఎప్పటిలాగే అమ్మ దగ్గరికి వచ్చింది. ‘ఒక కూలి మహిళ మరణించింది’ అని ఉంది దానిలో. అమ్మ సంగటి కుండను దించి పక్కన పెట్టింది. ‘ఒక కూలి మహిళ’ను కొట్టేసి, పక్కన ‘మునెమ్మ’ అని రాసింది. దొరసామి ఆ కాగితం పట్టుకుని అమ్మకూ నాయనకూ మధ్య నిలబడ్డాడు. ఎవరి మాట వినాలో ఆయనకు తెలియలేదు. నాయన దాన్ని తీసుకుని చాలాసేపు చూశాడు. “వెయ్యి” అన్నాడు. అట్లా ఆమె పేరు పడింది. ఫ్యాక్టరీ పేరు పడలేదు, గొట్టం మాట పడలేదు, మామ పేరు పడలేదు. ఆ సాయంత్రం అవ్వ అడిగితే నేను చదివింది ఒక్క పేరే. అవ్వ కాగితం మడవడం ఆపి, “ఆ నవ్వే బిడ్డేనా?” అంది.

మర్నాటి బంగారుపాళ్యం కట్ట విప్పకుండానే వెనక్కి వచ్చింది. కండక్టరు దాన్ని మా అరుగు మీద పడేసి, “ఎవురూ తీసుకోలేదు సామీ” అన్నాడు. ఆ ఊళ్లో జరిగింది ఆ ఊరివాళ్లకు పత్రిక చెప్పాలా? అందరికీ తెలుసు. వాళ్లు చూసింది మేము ఏం చెబుతామోనని. కొన్ని వారాలకు చిత్తూరు బస్టాండులో కూడా మా పత్రికను ‘మామగాలి’ అనడం మొదలైంది. “రేయ్, ఒక మామగాలి ఇయ్యరా” అని నవ్వుతూ అడిగేవాళ్లు. నవ్వుతూ అడిగినంత కాలం కొన్నారు కూడా. తర్వాత నవ్వడమూ మానేశారు, అడగడమూ మానేశారు. చిన్నాయన లేని పేజీల్లో నాయన సంపాదకీయాలు ఇంకా పొడుగయ్యాయి. పెద్ద పత్రికలు జిల్లాకొక అనుబంధం వేయడం వల్ల ‘కొండగాలి’ పోయిందని సభలో చెప్పాను. అదీ నిజమే. కానీ అవి వచ్చేసరికే మా పత్రిక సగం చచ్చి ఉంది.

ప్రమాదం జరిగిన కొన్నాళ్లకే ఫోటో కోసం చెంగల్రాయుడు వచ్చాడు. కొడవలి పట్టి కాయలు కాసిన చేతులు, కొత్తగా మొలిచిన గడ్డం. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. “ఫోటో ఇస్తే పోతానమ్మా” అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చి, బల్లలు, అరలు, కాగితాల గుట్టలు అన్నీ వెతికించింది. దొరకలేదు. ఆ రోజు గందరగోళంలో అది ఏమైందో ఎవరికీ తెలియదు. అమ్మ పాకాలకు కబురు చేసింది. ‘నా దగ్గర లేదు’ అని చిన్నాయన చెప్పి పంపాడు. చెంగల్రాయుడు మళ్లీ వచ్చాడు, మళ్లీ వచ్చాడు. చివరిసారి ఏమీ అడగలేదు. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆయన పోయాక అమ్మ ఒకటే మాట అంది: “పేరు వేసి నేనేదో చేసినాననుకున్నాను.” మామ ఇంటికి ఆమె పండగలకు పోవడం మానేసింది. మామ కూడా పిలవడం మానేశాడు. గోడౌను ఖాళీ చేయమని మాత్రం అడగలేదు.

ఇదంతా సుగుణకు చెప్పేసరికి మధ్యాహ్నమైంది. మధ్యలో ఒక్కసారే అడ్డం వచ్చింది, “ఫ్యాక్టరీ మీ మామదా?” అని. అవునన్నాను. ఆమె నా మొగం వైపు చూసి, తర్వాత నేను పెట్టిన టిఫిన్ ప్లేటును కొంచెం పక్కకు జరిపింది. మర్నాడు ఇద్దరం కలిసి పాకాల పోయాం. చిన్నాయన ఇంకా ఉన్నాడు. అంగడి ఎప్పుడో మూసేశాడు. రైల్వే గేటు దగ్గర ఒక గదిలో, తన అంగడిలో పనిపిల్లవాడిగా చేరి ఇప్పుడు పెండ్లాం పిల్లలున్న మనిషి దగ్గర ఉంటున్నాడు. చెవులు సరిగ్గా వినపడవు. మునెమ్మ కూతురని గట్టిగా చెప్పాను. ఆయన మంచం కోడు పట్టుకుని లేవబోయాడు. సుగుణ ఆపింది.

“నేనే తీసుకోని పోయినాను బిడ్డా,” అన్నాడు. “మా యన్న వెయ్యకపోతే ఇంకొకరు వేస్తారు అనుకున్నాను. మొత్తం రాసి, ఫోటో పెట్టి మద్రాసులో ఒక పెద్ద పేపరుకు పంపినాను. వాళ్లు వెయ్యలేదు. తిరిగి పంపలేదు. పోయి అడిగితే, అట్లాంటివి దినాము ఎన్నో వస్తాయి, యాడున్నాయో ఎవరికి తెలుసు అన్నారు. మీ నాయన దగ్గరికొచ్చి ఆ మాట చెప్పేదానికి నాకు మొగం చెల్లలేదు.”

“అంటే ఇంక యాడా లేదు” అంది సుగుణ. అడగడం కాదు, తనకు తాను చెప్పుకోవడం.

తిరుగు రైలుకు టైముంది. స్టేషన్లో బెంచీ మీద కూర్చున్నాం. ఆమె ఫోన్ తీసి తన మనవరాలి ఫోటోలు చూపించింది. పుట్టిన గంట నుంచి నిన్నటి దాకా లెక్కలేనన్ని. ఇప్పుడు ఎవరికి ఏం జరిగినా ఫోన్లో అప్పుడే తెలుస్తుంది. మా నాయన మాదిరి మిషన్ తిప్పే పని ఎవరికీ లేదు. అయినా ఎక్కడైనా పొగ కమ్మి, గోడ కూలి కూలివాళ్లు చనిపోతే ‘ఒక ప్రైవేటు కర్మాగారంలో’ అనే రాస్తున్నారు. ఆ మాట చూసినప్పుడల్లా ఎవరో ఒకరి గోడల మధ్య కూర్చుని ఒక మనిషి కండ్లజోడు తుడుచుకుంటున్నట్టు అనిపిస్తుంది. మా నాయన ముసలితనంలో ఆ రోజు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అన్ని పత్రికలూ తెప్పించుకుని పెన్సిలుతో తప్పులు దిద్దుతూ కూర్చునేవాడు. ఆయన్ను తప్పు పట్టాలో, జాలిపడాలో ఇంత వయసొచ్చినా నేను తేల్చుకోలేదు. ఆ రేకుల ఇండ్ల పిల్లలు ఆ గోడౌను నీడలోనే పెరిగి పెద్దవాళ్లయ్యారు. సుగుణ తల్లి మొగం తెలియకుండా పెరిగింది. రెండూ నిజాలే.

“నువ్వు సూసినావు గదా అక్కా ఆ ఫోటో?” అంది సుగుణ. మేడమ్ పోయి అక్క వచ్చింది. “ఎట్లుండింది?”

చెప్పాను. తిరుపతిలో స్టూడియోలో తీయించుకున్నది. కొండ మీద మొక్కు తీర్చుకుని దిగినట్టున్నారు, ఇద్దరికీ గుండ్లు, గుండ్ల మీద గంధం. వెనక గుడ్డ మీద కొండలు, మబ్బులు గీసి ఉన్నాయి. మీ నాయన కట్టె మాదిరి బిగుసుకుని కెమెరా వైపే చూస్తున్నాడు. మీ అమ్మ ఆయన గుండు చూసిందో, తన గుండు తలుచుకుందో, నవ్వు ఆపుకోలేకపోయింది. నోటికి అడ్డం పెట్టుకోవాలని చెయ్యి లేపింది కానీ చెయ్యి నోటి దాకా పోకముందే ఫోటో తీసేశారు. పండ్లన్నీ కనిపిస్తున్నాయి. పై పండ్ల మధ్య సందు ఉంది. బుగ్గలు నిండుగా ఉన్నాయి.

“నవ్వుతా ఉండిందా?”

“నవ్వుతా ఉండింది.”

సుగుణ కొంగుతో మొగం తుడుచుకుంది. “మా నాయన ఆమె కాలిపోయింది చెప్పినాడు, ఆస్పత్రి చెప్పినాడు, పూడ్చింది చెప్పినాడు. నవ్విందని ఎప్పుడూ చెప్పలేదక్కా.”

దూరంగా రైలు కూత వినిపించింది. జనం లేచి సంచులు సర్దుకుంటున్నారు. ఆమె లేవలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“తర్వాత రైలుకు పోదాం,” అంది. “ఇంగొకసారి చెప్పక్కా. మొదట్నించీ చెప్పు.”